అప్‌డేట్ పేరుతో బటన్లు మార్చేశారు. ఫిర్యాదు చేస్తే ఎవరైనా చదువుతారా?

సబ్‌టైటిల్_పని:

11 ఏళ్లుగా సబ్‌టైటిల్స్ చేస్తున్నాను. ఈ పని తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వీడియోలో మనిషి మాట్లాడుతుంటే ఆ మాట ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది చూసుకుని లైను పెట్టాలి. లైను పొడుగైతే రెండుగా విడగొట్టాలి, మరీ చిన్నదైతే పక్కదానితో కలపాలి. ఆ సమయంలో కళ్లు వీడియో మీద, చెవులు మాట మీద ఉంటాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోవాలి. బటన్ ఎక్కడుందా అని వెతికానంటే ఆలోపు మాట దాటిపోతుంది.

పోయిన నెలలో నేను వాడే సాఫ్ట్‌వేర్ రాత్రికి రాత్రి అప్‌డేట్ అయింది. పొద్దున తెరిచేసరికి "విడగొట్టు" ఉండే చోట "తొలగించు" ఉంది. బటన్ల మీద పేర్లు తీసేసి బొమ్మలు మాత్రం ఉంచారు. విడగొట్టడానికి కత్తెర, తొలగించడానికి అడ్డగీత ఉన్న చిన్న పెట్టె. రెండూ బూడిద రంగే, రెండూ గోరంత సైజే. ఇదివరకు తొలగించేముందు "నిజంగా తీసేయాలా?" అని అడిగేది. ఆ ప్రశ్నను కూడా ఎత్తేశారు.

వీడియో 40 నిమిషాలది. నా చెయ్యి పాత చోటికే వెళ్లింది. విడగొట్టినప్పుడు కూడా లైను ఒక్క క్షణం మాయమై తర్వాత రెండుగా వస్తుంది, అందుకే నాకు అనుమానం రాలేదు. అంతా అయ్యాక మొదటి నుంచి చూసుకుంటే 17 చోట్ల మనిషి మాట్లాడుతున్నాడు, కింద ఏమీ లేదు. మధ్యలో ఒకసారి ఫైలు మూసి తెరిచాను కాబట్టి చేసినదాన్ని వెనక్కి తిప్పే అన్‌డూ కూడా పనిచేయలేదు. మర్నాడు పొద్దున్నే అప్పగించాల్సిన పని. ఆ 17 లైన్లూ మళ్లీ విని, మళ్లీ టైప్ చేసి, టైమింగ్ సరిచూసుకునేసరికి రాత్రి 3 దాటింది.

ఆ కోపంలోనే రెండు పేజీల ఫిర్యాదు రాసి పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: "మీ అభిప్రాయానికి ధన్యవాదాలు. మీకు మరింత మంచి అనుభవం ఇవ్వాలనే ఈ మార్పులు చేశాం. కొద్ది రోజుల్లో అలవాటవుతుంది." నా 17 లైన్ల గురించి ఒక్క ముక్క లేదు. పుండు మీద కారం చల్లినట్టు అనిపించింది.

అందుకే అడుగుతున్నాను. ఈ ఫిర్యాదులు నిజంగా ఎవరైనా చదువుతారా? బాగా ఉన్నదాన్ని ఎందుకు కదిలిస్తారు? ఇలా మొరపెట్టుకుంటే ఏ కంపెనీ అయినా వెనక్కి తగ్గిందా? తగ్గితే ఏం రాస్తే తగ్గింది?

---

నీలి_తెర:

ముందు ఒక పని చేయండి. సెట్టింగ్స్‌లో ఆటోమేటిక్ అప్‌డేట్ ఆపే వీలుంటే, చేతిలో పని ఉన్నన్ని రోజులు ఆపి పెట్టండి. పని అప్పగించాకే అప్‌డేట్ చేసుకోండి. మధ్యమధ్యలో ఫైలును వేరే పేరుతో సేవ్ చేస్తూ ఉండండి. సెక్యూరిటీ అప్‌డేట్లను మాత్రం ఎక్కువ రోజులు ఆపకండి. మిగతా ప్రశ్నలకు తెలిసినవాళ్లు చెబుతారు.

---

టికెట్ల_బల్ల:

సబ్‌టైటిల్_పని గారూ, మీకు వచ్చిన జవాబు లాంటివి నేను వందల సంఖ్యలో పంపాను. ఆరేళ్లు ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేశాను. మొదటి రెండేళ్లు సపోర్టులో టికెట్లు, అంటే వాడేవాళ్లు పంపే ఫిర్యాదులు, చూశాను, ఆ తర్వాత డిజైన్ టీమ్‌లో ఉన్నాను. అందుకే రెండు వైపులా జరిగేది కాస్త వివరంగా రాస్తున్నాను.

చదువుతారు. అయితే చదివేవాళ్లు వేరు, మార్చగలిగేవాళ్లు వేరు. టికెట్ ముందు సపోర్టు వాళ్ల దగ్గరికి వస్తుంది. మా దగ్గర కొత్త వర్షన్ విడుదలకు వారం ముందే డిజైన్ వాళ్లూ సపోర్టు వాళ్లూ కూర్చుని, ఎవరు ఏమడిగితే ఏం చెప్పాలో రాసి పెట్టుకునేవాళ్లం. అంటే మీరు ఫిర్యాదు చేయకముందే దానికి జవాబు తయారై ఉంటుంది. టికెట్ తెరిచి, నాలుగు లైన్లు చూసి, "కొత్త డిజైన్ నచ్చలేదు" అని ఒక గుర్తు తగిలించి, ఆ జవాబు పంపేస్తారు. ఆ గుర్తు పడ్డాక రాత్రి 3 దాటేదాకా మీరు పడ్డ పాట్లు, మీ 17 లైన్లు అన్నీ కలిసి ఒక అంకె అయిపోతాయి.

వారానికోసారి మీటింగ్‌లో ఆ అంకెల గ్రాఫ్ చూపిస్తారు. మొదటి వారం పైకి లేస్తుంది, రెండో వారం దిగుతుంది, నాలుగో వారానికి దాదాపు నేలకు వస్తుంది. "చూశారా, అలవాటు పడిపోయారు" అంటారు. నేనూ అన్నాను. కానీ ఆ గీత దిగడానికి ఇంకో కారణం కూడా ఉంది. చెప్పీ చెప్పీ విసిగిపోయినవాళ్లు నోరు మూసుకుంటారు, కొందరు సాఫ్ట్‌వేరే మానేస్తారు. అలవాటు పడినవాళ్లూ, విసిగి ఊరుకున్నవాళ్లూ ఆ గ్రాఫ్‌లో ఒకేలా కనిపిస్తారు. ఈ మాట మీటింగ్‌లో చెప్పే ధైర్యం నాకు నాలుగో ఏడుకి గానీ రాలేదు.

ఇక అంత మొండితనం ఎందుకంటే, మొండిగా నిలబడి గెలిచినవాళ్ల కథలు ఈ వృత్తిలో అందరికీ తెలుసు. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్ స్నేహితుల కబుర్లను వరసగా చూపించే న్యూస్ ఫీడ్ తెచ్చినప్పుడు లక్షల మంది దానికి వ్యతిరేకంగా ఫేస్‌బుక్‌లోనే గ్రూపులు కట్టారు. జకర్‌బర్గ్ ముందు శాంతించమన్నాడు, మూడు రోజులకే తప్పు ఒప్పుకుని, ఏది ఎవరికి కనబడాలో ఎంచుకునే సెట్టింగ్స్ ఇచ్చాడు. ఫీడ్‌ను మాత్రం తీయలేదు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ 2007లో పాత మెనూలు తీసి, బటన్లన్నీ పరిచిన రిబ్బన్ అనే వెడల్పాటి పట్టీ పెట్టినప్పుడూ అంతే. పాత మెనూకి వెళ్లే దారే లేకుండా చేశారు, ఎంత గొడవైనా రిబ్బన్ ఉండిపోయింది. కాకపోతే ఒక చిన్న విషయం గమనించండి. ఫైల్ మెనూ ఉండే చోట ఒక గుండ్రటి లోగో పెట్టారు. అది నొక్కే బటన్ అని చాలామందికి తట్టనే లేదు, ప్రింట్ ఎక్కడుందో దొరక్క తిరిగారు. ఆఫీస్ 2010లో ఆ గుండ్రటిది పోయి "ఫైల్" అన్న మాట మళ్లీ వచ్చింది, రిబ్బన్‌ను మనకు కావలసినట్టు సర్దుకునే వీలూ వచ్చింది. పెద్దదాన్ని వదులుకోలేదు, కానీ "ప్రింట్ దొరకట్లేదు" లాంటి కచ్చితమైన కష్టానికి మందు వేశారు.

అంకెలు కూడా మోసం చేస్తాయి. విండోస్ 8 తయారయ్యేటప్పుడు జనం స్టార్ట్ మెనూ వాడటం తగ్గిందని, ప్రోగ్రాములను తెర కింద ఉండే టాస్క్‌బార్‌కే తగిలించుకుంటున్నారని మైక్రోసాఫ్ట్ తన లెక్కలు చూపించింది. 2012 అక్టోబరులో స్టార్ట్ బటన్ లేకుండానే, మెనూ బదులు తెర నిండా పరుచుకునే స్టార్ట్ స్క్రీన్‌తో విడుదలైంది. ఏడాదికి 8.1లో బటన్ తిరిగి వచ్చింది, అయితే నొక్కితే అదే పెద్ద తెర. అసలు మెనూ 2015 జూలైలో విండోస్ 10తో గానీ రాలేదు. ఒక వస్తువును రోజుకు ఎన్నిసార్లు నొక్కారో లెక్క చెబుతుంది. అది కనిపించకపోతే మనిషికి కాళ్లూ చేతులూ ఆడవన్న సంగతి ఆ లెక్కలో ఉండదు.

"పాతదే తిరిగివ్వండి" అన్న ఫిర్యాదు ఎందుకు పనిచేయదో కూడా చెప్పాలి. పైన బటన్లు మారినప్పుడు చాలాసార్లు లోపలి పునాది కూడా మారి ఉంటుంది. సోనోస్ 2024 మేలో తన స్పీకర్ల యాప్‌ను మొత్తం కొత్తగా రాసి విడుదల చేసింది. అలారం, స్లీప్ టైమర్ లాంటివి అందులో లేవు, చూపులేనివాళ్లకు, తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో వాడటం కష్టమైంది. జూలైలో సీఈఓ క్షమాపణ చెప్పాడు. పాత యాప్ ఇవ్వమని జనం అడిగితే, ఈపాటికి దాన్ని మళ్లీ వదిలితే సమస్యలు ఇంకా పెరుగుతాయని జవాబిచ్చాడు. 2025 జనవరిలో పదవి నుంచి దిగిపోయాడు. వెనక్కి వెళ్లే దారి మార్పుకు ముందే వేసుకోవాలి. ఆపిల్ 2007లో తన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఐమూవీని పూర్తిగా మార్చినప్పుడు, కొత్తది కొన్నవాళ్లకు పాత వర్షన్‌ను ఉచితంగా దింపుకోనిచ్చింది. అలా చేసేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న, ఏం రాస్తే కదులుతారు? నన్ను మార్చిన టికెట్ ఒకటి చెబుతాను.

మేమూ మీవాళ్లలాగే బటన్ల మీద పేర్లు తీసేసి బొమ్మలు పెట్టాం. శుభ్రంగా ఉందని మాకు మేమే మురిసిపోయాం. తిట్లతో నిండిన టికెట్లు వందల కొద్దీ వచ్చాయి, అన్నిటికీ తయారుగా ఉన్న జవాబే వెళ్లింది. వాటి మధ్య చూపులేని ఒకరు పంపిన టికెట్ ఉంది. నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు:

"పాత వర్షన్‌లో ట్యాబ్ కీ నొక్కుతూ వెళ్తే నాకు వినిపించేది: కొత్తది, తెరువు, సేవ్, ప్రింట్, పంపు. కొత్త వర్షన్‌లో వినిపించేది: బటన్, బటన్, బటన్, బటన్, బటన్. నేను రోజూ 10 గంటలకు రిపోర్టు పంపాలి. ఈరోజు పంపలేకపోయాను."

అంతే. ఒక్క తిట్టు లేదు. తెర మీద పేరు తీసినప్పుడు, స్క్రీన్ రీడర్ చదివే పేరు కూడా దాంతోపాటే పోయిందని మాకు తెలియదు. దాన్ని విడిగా రాసి పెట్టాలి, మేం రాయలేదు. ఆ బటన్లు గీసిన డిజైనర్‌ను పిలిచి, స్క్రీన్ రీడర్ ఆన్ చేసి, మానిటర్ ఆపేసి, "రిపోర్టు పంపు" అన్నాను. గదిలో అందరికీ వినిపించింది. బటన్, బటన్, బటన్. ఐదోసారికి ఆమె చెయ్యి కీబోర్డు మీంచి తీసేసింది. మూడో రోజుకు సరిచేసిన వర్షన్ బయటికి వెళ్లింది. ఆ వందల తిట్లు చేయలేని పని ఆ నాలుగు వాక్యాలు చేశాయి.

ఐఫోన్లలో ఉండే ఐఓఎస్ 7 సంగతి కూడా ఇలాంటిదే. 2013 సెప్టెంబరులో వచ్చినప్పుడు రంగులు బాగాలేవని, అక్షరాలు సన్నగా ఉన్నాయని ఎందరో అన్నారు. కొందరు మాత్రం యాప్ తెరిచినప్పుడల్లా తెర ముందుకు దూసుకొస్తున్నట్టుంది, కళ్లు తిరుగుతున్నాయి, కడుపులో తిప్పుతోంది అని చెప్పారు. నెల దాటగానే 7.0.3లో "రిడ్యూస్ మోషన్" ఆన్ చేస్తే ఆ దూకుడు పోయి మెల్లగా తెర మారేలా చేశారు.

కాబట్టి మీ టికెట్‌ను "నచ్చలేదు" అనే డబ్బాలో పడనివ్వకండి, "పని పోయింది" అనే డబ్బాలో పడేలా రాయండి. నిజంగా మీకు జరిగింది అదే. ఒక టికెట్‌లో ఒక్క విషయమే ఉండాలి. బొమ్మల రంగు, అక్షరాల సైజు, కంపెనీ బుద్ధి, ఇవన్నీ ఒకే ఉత్తరంలో కలిపితే చదివేవాళ్లు అన్నిటికంటే తేలికైనదానికి జవాబిచ్చి మూసేస్తారు. వర్షన్ నంబరు రాయండి. ఏం చేయబోయారు, ఏం నొక్కారు, ఏం జరిగింది, ఏం పోయింది, అదే వరసలో రాయండి. వీలైతే అర నిమిషం స్క్రీన్ రికార్డింగ్ జోడించండి. చివర్లో ఒక చిన్న కోరిక కోరండి. డిజైన్ మొత్తం వెనక్కి తీసుకోమంటే ఆ నిర్ణయం చేయగలిగినవాడు టికెట్ చదవడు. "తొలగించేముందు అడగండి" అంటే ఒక డెవలపర్ ఒక పూటలో చేసేయగలడు, పై అధికారి అనుమతి కూడా అక్కర్లేదు.

"అలవాటవుతుంది" అని మీకు రాసినవాళ్ల తరఫున నేను క్షమాపణ చెప్పలేను. కానీ నేను రాసినవాటికి మాత్రం బాధపడుతున్నాను. 11 ఏళ్లు చేత్తో నేర్చుకున్నది ఒక మనిషి ఆస్తి. దాన్ని రాత్రికి రాత్రి చెల్లకుండా చేసినవాళ్లు కనీసం జరిగిన నష్టాన్ని పేరు పెట్టి ఒప్పుకోవాలి.

---

మూలాల_గూడు:

పైన చెప్పింది కంపెనీల సంగతి. కోడ్ అందరికీ తెరిచి ఉంచే ఓపెన్ సోర్స్‌లో ఇదంతా బహిరంగంగా జరుగుతుంది కాబట్టి అక్కడి కథ కూడా తెలుసుకోవాలి. నేను కొన్నేళ్లుగా బగ్ రిపోర్టులు (లోపాల గురించి వాడేవాళ్లు రాసేవి) వర్గీకరించే పనిలో సాయం చేస్తున్నాను, జీతం లేకుండా.

2011 ఏప్రిల్‌లో, లినక్స్ కంప్యూటర్లలో వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ మూడో వర్షన్, గ్నోమ్ 3 వచ్చింది. కింద ఉండే విండోల పట్టీ పోయింది, విండోల మీద మినిమైజ్ బటన్ కూడా పోయింది. లినక్స్ కెర్నెల్ రాసిన లినస్ టోర్వాల్డ్స్ అంతటివాడే ఇది భరించలేనని బహిరంగంగా చెప్పి కొంతకాలం ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారిపోయాడు. డెవలపర్లు తమ దారి వదల్లేదు. అప్పుడు జనం ఏం చేశారంటే, గ్నోమ్ 2 కోడ్ తీసుకుని మాటే అనే డెస్క్‌టాప్ నడుపుకున్నారు. లినక్స్‌లోనే ఒక రకమైన లినక్స్ మింట్ వాళ్లు సినమన్ అనే సొంత డెస్క్‌టాప్ తయారు చేసుకున్నారు. రెండూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. 2013లో గ్నోమ్ 3.8లో పాత పద్ధతికి దగ్గరగా ఉండే క్లాసిక్ మోడ్ వచ్చింది. కోడ్ అందరిదీ అయినప్పుడు విడిపోవడం కూడా ఒక జవాబే. అయితే విడిపోయినవాళ్లు ఏళ్ల తరబడి దాన్ని పోషించాలి. ఆ బరువు మోసినవాళ్లకు దండం పెట్టాలి.

బొమ్మలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ జింప్ కథ ఇంకోలా నడిచింది. 2012లో 2.8 వర్షన్ నుంచి "సేవ్" నొక్కితే దాని సొంత ఫార్మాట్‌లోనే సేవ్ అవుతుంది. జేపెగ్ కావాలంటే "ఎక్స్‌పోర్ట్" చేయాలి. నాకు విపరీతమైన కోపం వచ్చింది, అందరిలాగే రాశాను. జేపెగ్‌లో సేవ్ చేస్తే లేయర్లన్నీ (బొమ్మలో ఒకదాని మీద ఒకటి విడిగా ఉండే పొరలు) కలిసిపోయి పని పోతుంది, దాన్ని ఆపడానికే ఇలా చేశాం అని వాళ్లు కారణం చెప్పారు, ఇప్పటికీ మార్చలేదు. చాలా నెలల తర్వాత నేను దాచుకున్న ఒక పోస్టర్‌లో ఒక్క పేరు మార్చాల్సి వచ్చింది. తెరిస్తే లేయర్లన్నీ విడివిడిగా ఉన్నాయి. వాళ్ల మాట అప్పుడు అర్థమైంది. నచ్చకపోయినా సరే, కారణం నిజాయితీగా చెప్పినవాళ్ల మీద నాకు గౌరవం పోలేదు. "మీ అనుభవం మెరుగుపరచడానికి" అనేది కారణం కాదు.

నేను చూసినవాటిలో అన్నిటికంటే మర్యాదగా చేసింది 3డీ బొమ్మలు తయారుచేసే బ్లెండర్. అందులో ఏళ్ల తరబడి వస్తువును ఎంచుకోవడానికి మౌస్ కుడి బటన్ నొక్కాలి. 2019 జూలైలో 2.80 వచ్చినప్పుడు ఎడమ బటన్‌ను మామూలు పద్ధతి చేశారు. కానీ మొదటిసారి తెరవగానే "ఎడమా, కుడా?" అని అడుగుతుంది. కుడి ఎంచుకున్నవాళ్ల చెయ్యి ఒక్క రోజు కూడా తడబడలేదు. సబ్‌టైటిల్_పని గారి సాఫ్ట్‌వేర్ వాళ్లు ఆ ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఈ చర్చే ఉండేది కాదు.

వికీపీడియాలో జరిగింది ఘోరం. 2014లో బొమ్మలు చూపించే మీడియా వ్యూయర్ అడగకుండానే తెరుచుకోవడం తమకు వద్దని జర్మన్ వికీపీడియా సభ్యులు ఓటు వేసి చెప్పారు, అక్కడి నిర్వాహకుడు దాన్ని ఆపేశాడు. వికీపీడియాను నడిపే వికీమీడియా ఫౌండేషన్ "సూపర్‌ప్రొటెక్ట్" అనే కొత్త తాళం తయారు చేసి, నిర్వాహకులు కూడా మార్చకుండా, అతను మార్చిన ఆ సెట్టింగ్ పేజీని బిగించేసింది. ఉచితంగా రాస్తున్నవాళ్ల మీద తాళం! ఆ గాయం చాలాకాలం మానలేదు. 2015 నవంబరులో ఆ తాళాన్ని తీసేశారు. 2023 జనవరిలో ఇంగ్లీషు వికీపీడియా రూపం మార్చినప్పుడు మాత్రం ఒక దారి ఉంచారు. రెండు పక్కలా అంత తెల్లఖాళీ ఎందుకని చాలామంది అడిగారు. వెడల్పు పెంచుకునే బటన్ ఇచ్చారు, లాగిన్ అయినవాళ్లు పాత రూపాన్నే ఉంచుకోవచ్చు.

బగ్ ట్రాకర్‌లో, అంటే ఆ రిపోర్టులు పెట్టే చోట, రాసేవాళ్లకు ఒక మనవి. "నాకు కూడా", "సిగ్గుండాలి" అని 200 కామెంట్లు పడితే ఆ రిపోర్టును తాళం వేసి పక్కన పెడతారు, అందులో ఉన్న రెండు పనికొచ్చే కామెంట్లు కూడా మునిగిపోతాయి. మీది వేరే సందర్భం అయితేనే రాయండి.

---

మొదటి_మౌస్:

నేను వేరే వైపు నుంచి మాట్లాడతాను. జీవితంలో మొదటిసారి కంప్యూటర్ ముట్టుకునే పెద్దవాళ్లకు నేర్పుతాను. మీరందరూ ప్రేమగా తలుచుకునే పాత మెనూలు వాళ్లను ఎంత భయపెడతాయో రోజూ చూస్తాను. ఒక మెనూ తెరిస్తే 30 మాటలు కిందికి జారతాయి, వాళ్ల చెయ్యి మౌస్ మీంచి వెనక్కి వచ్చేస్తుంది.

ఫోటోషాప్‌లో 2018 వరకు అన్‌డూ కోసం నొక్కే కంట్రోల్ జెడ్ ఒక్క అడుగే వెనక్కి వెళ్లేది. రెండోసారి నొక్కితే మళ్లీ ముందుకు వచ్చేసేది. ఇంకా వెనక్కి వెళ్లాలంటే ఆల్ట్ కూడా కలిపి నొక్కాలి. నా దగ్గర నేర్చుకునేవాళ్లు ప్రతి ఒక్కరూ అక్కడ బోల్తా పడేవాళ్లు. 2018 అక్టోబరు వర్షన్‌లో నొక్కిన కొద్దీ వెనక్కి వెళ్లేలా మార్చారు. పాతకాపులు కోప్పడ్డారు, నా పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. పిల్లలు అంటే 60 దాటిన పిల్లలు.

అసలు చెప్పదలుచుకున్నది ఇది. పాతవాళ్లకు ఏదైనా దొరక్కపోతే "కంపెనీ పాడు చేసింది" అంటారు, ఫిర్యాదు రాస్తారు. కొత్తవాళ్లకు దొరక్కపోతే "నాకే చేతకాదు" అనుకుంటారు, యాప్ మూసేస్తారు. వాళ్లు ఎప్పుడూ టికెట్ రాయరు. అందుకే ఫిర్యాదుల సంఖ్యను బట్టి నడిస్తే సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ పాతవాళ్లదే అవుతుంది. తయారుచేసేవాళ్లు కొన్నిసార్లు గట్టిగా నిలబడటం అవసరం.

---

టికెట్ల_బల్ల:

మొదటి_మౌస్ గారూ, మీరన్నది అక్షరాలా నిజం. టికెట్ల గుట్టలో మీ విద్యార్థులు లేరు. అందుకే మేము చివరి రెండేళ్లు ప్రతి మార్పుకు ముందు ఐదుగురు కొత్తవాళ్లను, ఐదుగురు పాతవాళ్లను పిలిచి పక్కన కూర్చుని చూసేవాళ్లం. మాట సాయం చేయకూడదు, చూడటమే. చెయ్యి ఎక్కడ ఆగిందో అదే మా నోట్సు.

మీరు చెప్పిన ఫోటోషాప్ వర్షన్‌లోనే ఇంకో మార్పు ఉంది, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అన్‌డూ మార్చినప్పుడు, కీబోర్డు షార్ట్‌కట్ల పెట్టెలో పాత పద్ధతి కావాలంటే టిక్ పెట్టుకునే వీలు మొదటి రోజు నుంచే ఉంచారు. అదే వర్షన్‌లో బొమ్మ సైజు మార్చేటప్పుడు షిఫ్ట్ కీ అర్థాన్ని తలకిందులు చేశారు. అంతకుముందు షిఫ్ట్ పట్టుకుంటే నిష్పత్తి చెడకుండా ఉండేది, ఇప్పుడు పట్టుకుంటేనే చెడుతుంది. దీన్ని వెనక్కి తిప్పుకోవాలంటే మొదట్లో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి సెట్టింగ్స్ ఫోల్డరులో పెట్టాల్సి వచ్చేది. ప్రిఫరెన్సెస్‌లో టిక్ పెట్టుకునే వీలు నెలల తర్వాత వచ్చింది. మొదటి మార్పులో కొత్తవాళ్లకు మేలు జరిగింది, పాతవాళ్లకు తలుపు తెరిచి ఉంది. రెండోదాంట్లో ఆ తలుపు ఆలస్యంగా తెరిచారు. గట్టిగా నిలబడండి, కాదనను. తలుపు మాత్రం మొదటి రోజే తెరిచి ఉంచండి.

---

మొదటి_మౌస్:

ఒప్పుకుంటున్నాను. ఇంకోటి, సబ్‌టైటిల్_పని గారు చెప్పిన "పేర్లు తీసేసి బొమ్మలు" నా వాళ్లకూ నరకమే. కత్తెర చూపించి ఏం చేస్తుందని అడిగితే నలుగురు నాలుగు చెప్పారు. ఈ ఒక్క విషయంలో కొత్తవాళ్లూ పాతవాళ్లూ ఒకే వైపు ఉన్నారు.

---

సబ్‌టైటిల్_పని:

మూడు వారాల తర్వాత వస్తున్నాను. అందరికీ చాలా చాలా థాంక్స్ అండి.

టికెట్ల_బల్ల గారు చెప్పినట్టే మళ్లీ రాశాను. మొదట రాసిన రెండు పేజీలు పక్కన పెట్టుకుని చూస్తే, 17 లైన్లు పోయిన సంగతి రెండో పేజీ మధ్యలో ఉంది. అక్కడిదాకా ఎవరు చదువుతారు? ఈసారి పంపింది ఇంతే:

"ఫలానా వర్షన్. లైను విడగొట్టడానికి పట్టీలో ఎడమ నుంచి మూడో బటన్ నొక్కాను. పాత వర్షన్‌లో అక్కడ విడగొట్టు ఉండేది, ఇప్పుడు తొలగించు ఉంది. ముందుగా అడగలేదు. 17 లైన్లు పోయాయి. ఫైలు మూసి తెరిచాక అన్‌డూ పనిచేయలేదు. మళ్లీ చేయడానికి దాదాపు నాలుగు గంటలు పట్టింది. రికార్డింగ్ జోడించాను. తొలగించేముందు అడిగే ప్రశ్నను తిరిగి పెట్టండి."

బటన్ల మీద పేర్ల గురించి ఇంకో టికెట్ విడిగా పంపాను. అందులో కత్తెర గురించి మొదటి_మౌస్ గారి నలుగురు నాలుగు చెప్పిన మాట రాశాను, అనుమతి అడగనందుకు ఏమీ అనుకోకండి.

రెండో రోజే జవాబు వచ్చింది, ఈసారి సపోర్టు నుంచి కాదు. డెవలపర్ అట. "ఫైలు మూసినప్పుడు ఆటో సేవ్ ఆన్‌లో ఉందా?" అని ఒకే ఒక ప్రశ్న అడిగారు. ఉందని చెప్పాను. పోయిన శుక్రవారం చిన్న అప్‌డేట్ వచ్చింది. తొలగించేముందు అడుగుతోంది. సెట్టింగ్స్‌లో "బటన్ల పేర్లు చూపించు" అని ఒక టిక్ కూడా వచ్చింది. మా ఇద్దరి ఉత్తరాల్లో ఎవరూ "క్షమించండి" అనలేదు, "నచ్చలేదు" అనలేదు, పని గురించే మాట్లాడుకున్నాం. నాకు అది చాలా హాయిగా అనిపించింది.

తొలగించు బటన్ మాత్రం ఇంకా మూడో చోటే ఉంది. నిన్న పని చేస్తుంటే నా చెయ్యి రెండుసార్లు అక్కడికే వెళ్లింది, రెండుసార్లూ "నిజంగా తీసేయాలా?" అని అడిగింది. దాని చోటు గురించి మూడో టికెట్ రాస్తున్నాను. మూలాల_గూడు గారూ, బ్లెండర్ అడిగే ఆ "ఎడమా, కుడా?" తెర ఫోటో మీ దగ్గరుంటే ఇక్కడ పెట్టగలరా? టికెట్‌కు జోడిస్తాను.